ఫిజిక్సు ఆరు సాళ్లు, కెమిస్ట్రీ ఒక సాలు

కాలేజీలో రెండు సైన్సులు నేను ఒకే ఒక్క వేసవి సెలవుల్లో చదివాను. చదివింది నేనొక్కదాన్నే కాదు, మా నాయన కూడా. నిజం చెప్పాలంటే ఆయనే ఎక్కువ శ్రద్ధగా చదివాడు. పరీక్ష మాత్రం నన్ను రాయమన్నారు.

మాది అరవనాట, హోసూరు పక్క బేరిగై దగ్గర ఒక పల్లె. తాతల కాలం నుంచి సేద్యమే. మెట్టలో రాగి, దాని నడుమ అనప, రోడ్డువారగా మామిడితోట. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, సంతలో కన్నడం. ఏ భాషలో తిట్టినా మాకు అర్థమవుతుంది. పీయూసీ నేను హోసూరులో మా మేనత్త ఇంట్లో ఉండి చదివాను. అక్కడ నన్ను చరిత్ర గ్రూపులో చేర్చారు. నాకు చరిత్ర మీద ప్రేమని కాదు. సైన్సు గ్రూపులో ఆ ఏడు ఒక్క ఆడపిల్ల కూడా లేదు, పైగా ఆసిడ్డు మీద పడితే మొహం ఏమవుతుందోనని మా అత్తకు బెంగ. చరిత్రలో అంతమంది రాజుల తలలు తెగిపడుతున్నా ఆవిడకు ఏ బెంగా లేదు.

డెబ్బైలు ముగుస్తున్న రోజులవి. హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. మా అత్త పక్కింట్లో అద్దెకున్న బెంగుళూరు అమ్మాయి ఒకతె ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేది. పొద్దున్నే తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకుని, గడియారం చూసుకుని, ఎవరినీ అడక్కుండా బస్సెక్కి వెళ్లిపోయేది. కిటికీలోంచి రోజూ చూసేదాన్ని. నాకు ఆ కోటు కావాలి. దానికి బీఎస్సీ కావాలి. చరిత్ర చదివినదానికి బీఎస్సీలో సీటు ఎవడిస్తాడు?

కృష్ణగిరిలో ఒక కాలేజీవాళ్లు ఇస్తామన్నారు. ఆ వేసవిలో వాళ్లు ఒక ఏర్పాటు చేశారు. సైన్సు చదవనివాళ్లు సెలవుల్లో వచ్చి ఫిజిక్సు, కెమిస్ట్రీ రెండూ చదవాలి. ఏడాది పొడుగునా చెప్పే పాఠాన్ని నెలన్నరలో దంచి పోస్తారు. చివర్న పరీక్ష. రెండూ పాసైతే జూలైలో బీఎస్సీ సీటు, ఒకటి తప్పినా సీటు లేదు. ఇది మొదటిరోజే అందరికీ చెప్పారు. నేను ఇంటికొచ్చి మా నాయనకు మళ్లీ చెప్పాను. ఆయన "సరి సరి" అన్నాడు. మా నాయన సరి సరి అన్నాడంటే వినలేదని అర్థం, కానీ అప్పట్లో నాకింకా ఆ మాత్రం తెలివి లేదు.

చదువుకు ఆయన అడ్డు చెప్పలేదు. ఆ మంచితనాన్ని కాదనను. అడ్డం వచ్చింది బస్సు. బేరిగై నుంచి సూళగిరికి ఒక బస్సు, అక్కడ దిగి కృష్ణగిరికి ఇంకొక బస్సు. ఆడపిల్లను ఒంటిగా బస్సెక్కించడం మా ఇంట్లో ఏ తరంలోనూ లేదట. మా ముత్తవ్వల కాలంలో అసలు బస్సే లేదు కదా అని నేనంటే, "ఉండినా ఎక్కించుండరు" అన్నాడు. అన్నదమ్ములు నాకు లేరు. అందుకని తానే తోడొస్తానన్నాడు.

మా అమ్మ చేట పక్కన పెట్టి అడిగింది. "తోటలో కాయ కోతకొచ్చింది. నువ్వు దినామూ కృష్ణగిరికి పోతే కాయ మండీకి ఎవరు తోలేది?"

"కాయ యాడికీ పోదులే. నేను చూసుకుంటాను."

"కాయ పోదు, కుళ్లిపోతుంది."

"గమ్మునుండు. ఆడపిల్ల సంగతి ముందు."

ఆడపిల్ల సంగతి అంటే ఇంక మా ఇంట్లో మాట ఉండదు. అట్లా మా నాయన మూడో తరగతితో ఆపిన చదువును నేరుగా కాలేజీలో మళ్లీ మొదలుపెట్టాడు.

మొదటిరోజు వరండాలో ఆయన్ను ప్రిన్సిపాల్ గారు చూశారు. ఆయనదీ మా పక్క తెలుగే. "పాపను దిగబెట్టినారు కదా పెద్దాయనా, ఇంక పోండి" అన్నారు.

"యాడికి పోయేది సార్? మా బస్సు సాయంత్రం కదా. ఈడనే కూకుంటాను."

"ఇది కాలేజీ, అట్ల కూర్చోకూడదు."

"నేనేమన్నా చదువుకుంటానంటినా? కూకుంటానంటిని. మీ గోడకేమైనా నొప్పా?"

ప్రిన్సిపాల్ గారు కాసేపు గోడవైపు చూసి వెళ్లిపోయారు. మా నాయన క్లాసు కిటికీ పక్కన, తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. క్లాసులో పదిమందికి పైగా మగపిల్లలు, ఇద్దరం ఆడపిల్లలం. కిటికీలో మా నాయన తలగుడ్డ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మే నెల ఎండ మీకు తెలుసు. కృష్ణగిరి కొండ రాళ్లు కాగి ఆ వేడంతా ఊరిమీదికి వదులుతాయి. ఆ వంకతో మొదటి వారం తిరక్కుండానే ఆయన వరండాలోంచి గడప మీదికి, గడప మీంచి ఆఖరి బెంచీకి వచ్చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. చెప్పులు మాత్రం బయటే విడిచేవాడు.

పొద్దున ఫిజిక్సు. చెప్పే సారు సన్నగా, నిలువునా వెదురుకర్రలా ఉండేవారు. కుడిచేత్తో రాస్తూ ఎడంచేత్తో చెరిపేసేవారు. నెలన్నరలో ఏడాది పాఠం ముగించాలంటే అదొక్కటే దారి. పుస్తకం ఇంగ్లీషు, చెప్పేది సగం అరవం, సగం ఇంగ్లీషు. మగపిల్లలు రాసుకోలేక చేతులెత్తేశారు. అప్పుడు ఆఖరి బెంచీనుంచి వినపడింది, "ఊఁ."

మా పక్క ఎవరైనా కథ చెబుతుంటే వినేవాళ్లు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్లను అవమానించినట్టే. మా నాయనకు న్యూటన్ అయినా ఊళ్లో బొమ్మలాటవాళ్ల కథ అయినా మర్యాద ఒకటే. సారు ఒక వాక్యం చెప్పారు. "ఊఁ." ఇంకొకటి చెప్పారు. "ఊఁ." పిల్లలు కిసుక్కుమన్నారు. నేను బల్లకింద దూరిపోదామా అనుకున్నాను. కానీ ఆ సారుకు, పాపం, ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కడు కూడా ఊఁ కొట్టి ఉండడు. ఆయన మొహం విప్పారింది. రెండో వారానికి ఆయనకు అలవాటైపోయింది. ఎక్కడైనా ఊఁ రాకపోతే చాక్‌పీసు ఆపి, వెనక్కి తిరిగి, ఆ ముక్క మళ్లీ మొదటినుంచి చెప్పేవారు. పిల్లలు మా నాయన్ను నెత్తిన పెట్టుకున్నారు. "పెద్దాయనా, ఈ తూరి ఊఁ కొట్టవద్దు, మాకు రాసుకోవాల" అని ముందే చెప్పి పెట్టేవారు.

ఒకరోజు సారు గురుత్వాకర్షణ చెబుతుంటే మా నాయన ఊఁ మానేసి లేచి నిలబడ్డాడు.

"భూమి గుంజుతుందంటారు. ఒప్పుకుంటాను సార్. కాయగా ఉన్నప్పుడు గుంజకుండా పండినాకనే ఎందుకు గుంజుతుంది? అప్పుడు దానికి తెలిసిపోతుందా?"

క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. తొడిమ సంగతి, బరువు సంగతి, రెండూ కలిపి గంటసేపు చెప్పారు. ఆ గంటలో ఉష్ణం పాఠం కావలసింది. అది కాలేదు. మా నాయన మాత్రం ఇంటికి వెళ్లే బస్సులో పక్కనవాళ్లందరికీ తొడిమ గురించి చెప్పాడు. ఊళ్లో బావి దగ్గర నీళ్లు చేదుతున్న ఆడవాళ్లను ఆపి, "మీరు చేదేది నీళ్లు కాదమ్మా. మీరు పని చేస్తాండారు. బలం ఇంటూ దూరం" అన్నాడు. "పని చేస్తాండామని మాకు తెలీదా అన్నా, నువ్వు వచ్చి చెప్పాల్నా?" అని వాళ్లు అడిగారు. ఆయనకు అదేం పట్టలేదు.

మధ్యాహ్నం కెమిస్ట్రీ. చెప్పేది సేలం నుంచి వచ్చిన ఒక మేడం. మెల్లగా, వరసగా, ఒక మెట్టు మీద ఇంకొక మెట్టు పెట్టినట్టు చెప్పేది. మొదటిరోజే మా నాయన "ఊఁ" అన్నాడు. ఆవిడ ఆగింది. ఇంకో వాక్యం. "ఊఁ." ఆవిడ పుస్తకం మూసి, "పెద్దాయనా, మీరట్ల అంటే నాకు వరస తప్పిపోతుంది. మాట్లాడకుండా వినండి" అని అరవంలో నెమ్మదిగానే చెప్పింది.

మా నాయన మొహం మాడిపోయింది. ఊఁ కొట్టకుండా వింటే నిద్రపోయాడనుకోరా? ఆ రోజునుంచి ఆయన కెమిస్ట్రీకి లోపలికి రాలేదు. మధ్యాహ్నాలు వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. అట్లా పడుకునే ఉండి, కెమిస్ట్రీ అనే చదువు ఒక పక్కపైరు మాత్రమేనని తీర్మానించుకున్నాడు.

పక్కపైరు అంటే చెప్పాలి. మా పక్క రాగిని ఒంటిగా విత్తరు. ఆరు సాళ్లు రాగి, ఒక సాలు అనప, మళ్లీ ఆరు సాళ్లు రాగి. వానను నమ్మేది లేదు. వాన మోసం చేస్తే రాగి ఎండుతుంది, అనప నిలుస్తుంది. అనపకు పురుగు పడితే రాగి నిలుస్తుంది. రెండూ వస్తే పండగ. ఏదో ఒకటి వచ్చినా ఇంటిల్లిపాదీ ఆ ఏడు గట్టెక్కుతారు. మా నాయనకు లోకంలో తెలిసిన ధైర్యమంతా ఆ ఒక్క సాలులోనే ఉంది. దాన్ని తెచ్చి నా చదువులో విత్తాడు.

సాయంత్రం ఇంటికి రాగానే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి తాను ఎదురుగా కూర్చునేవాడు.

"ఫిజిక్సు ఆరు పేజీలు చదువు."

చదివేదాన్ని.

"ఇప్పుడు అది ఒక పేజీ."

"అది కాదు నాయినా, కెమిస్ట్రీ."

"అదే. ఒక పేజీ చాలు. మళ్లా ఫిజిక్సు పట్టు."

"నాయినా, ఇది చేను కాదు. రెండూ సమంగా చదవాల. రెండూ పాస్ కావాల."

"రెండూ సమంగా విత్తితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. నా కండ్లారా చూసినాను. నాకు చెప్పొస్తావా?"

అబ్బబ్బ! ఆయనతో వాదించడం కంటే గోడకు తల కొట్టుకోవడం నయం. ఆవర్తన పట్టిక సగంలో ఉండగా "పేజీ అయింది, తిప్పు" అనేవాడు. సోడియం దగ్గర ఆగిన నేను మరుసటిరోజు సాయంత్రం దాకా సోడియం దగ్గరే ఉండేదాన్ని. దొంగచాటుగా వంటింట్లో చదువుదామంటే అక్కడికీ వచ్చి, "చీకట్లో కండ్లు పోతాయి, రా" అని అరుగు మీదికి లాక్కుపోయేవాడు. నా మీద ప్రేమే అదంతా. ఆ ప్రేమకు ఒళ్లు మండిపోయేది.

తోట సంగతి ఏమైందని అడగరేం? మా నాయన కూడా అడగలేదు. పొద్దున బస్సెక్కి సాయంత్రం దిగే మనిషికి కాయ ఎట్లా మండీకి పోతున్నదో తెలియదు. ఎవరో తోలుతున్నారులే అనుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం క్లాసు మొదలయ్యేలోపు మజ్జిగ తాగుదామని ఇద్దరం కృష్ణగిరి మండీ వీధిలోకి వెళ్లాం. బెంగుళూరా మామిడికాయలు నింపుకున్న ఒక లారీ అడ్డంగా ఆగి ఉంది. దాని ముందుసీటులోంచి, డ్రైవరు పక్కనుంచి, చీర చెంగు నడుముకు బిగించి మా అమ్మ దిగింది.

మజ్జిగ గ్లాసు మా నాయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

దిగడమే కాదు, మండీ దళారిని పట్టుకుని అరవంలో ఉతికి ఆరేస్తోంది. కాయ బాగున్నా మచ్చ ఉందని గంపలు పక్కకు పెట్టిస్తున్నాడట. "మచ్చ నీ కంట్లో ఉండాది, కాయలో లేదు" అంటోంది. మా అమ్మకు అంత అరవం వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. మా నాయన నన్ను చెయ్యి పట్టుకుని చెరుకురసం బండి చాటుకు లాగాడు.

"చూడొద్దు" అన్నాడు.

"అమ్మ కదా నాయినా."

"అందుకే చూడొద్దు."

అమ్మ మమ్మల్ని చూసేసింది. ఏ కలవరమూ లేకుండా చెయ్యూపి, "ఏమయ్యా, పాఠం అయిందా? అట్లయితే వచ్చి ఈ గంప పట్టు" అని కేకేసింది.

మా నాయన గ్లాసు అక్కడే పెట్టి, "క్లాసుకు టయిమయింది" అని వడివడిగా కాలేజీవైపు నడిచాడు. అది కెమిస్ట్రీ క్లాసు. ఆయన హాజరు కాని క్లాసు. ఆ రోజు వరండాలో ఆయనకు నిద్ర పట్టినట్టు లేదు, కిటికీలోంచి చూస్తే గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. ఇంటికి వెళ్లాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మరుసటిరోజు మళ్లీ నన్ను కాపు కాయడానికి ఆయన సిద్ధం, ఇంకో లోడు ఎక్కించడానికి అమ్మ సిద్ధం. ఇద్దరూ వెళ్లేది అదే రోడ్డు.

చివరి పదిరోజుల్లో మేడం చిన్న పరీక్ష పెట్టింది. నాకు వచ్చిన మార్కులు చెప్పుకుంటే సిగ్గు. ఆవిడ నన్ను తిట్టలేదు. మా నాయన్ను పిలిపించి కూర్చోమంది.

"ఈ పాపకు ల్యాబు చాలదు. ఉప్పులు పరీక్ష చేసేది చేత్తో చెయ్యాల, చూస్తే రాదు. సాయంత్రం ఒక గంట ఉండనివ్వండి. నేనే ఉండి చేయిస్తాను."

"బస్సు పోతుందమ్మా."

"ఫిజిక్సు సారు ఉండమంటే ఉన్నారు కదా?"

ఉన్నాం. ఫిజిక్సు సారు లెన్సుల గురించి చెబుతుంటే మా నాయనకు బస్సు గుర్తురాలేదు, ఆ రోజు ఏదో లారీ పట్టుకుని ఇల్లు చేరాం. ఆ మాట ఆయన మింగేశాడు.

"రెండూ వస్తే సంతోషం తల్లీ. ఒకటి వచ్చినా చాలు" అన్నాడు.

"చాలదు పెద్దాయనా. రెండూ రావాల. లేకపోతే సీటు లేదు."

మా నాయన నవ్వాడు. సంతలో ఎద్దులమ్మేవాడు చివరి మాట అని చెబితే నవ్వే నవ్వు అది. చివరి మాట అన్నాక ఇంకో మాట ఉంటుందని ఆయనకు తెలుసు. "చూద్దాంలేమ్మా" అని నన్ను లేవదీశాడు. నాకు ఏడుపొచ్చింది. బస్సులో అడిగాను.

"నాయినా, నాకు ఆ సీటు కావాల. నీకు అర్థమవుతాందా? నాకు కావాల."

"ఫిజిక్సు బాగా వచ్చుండాది కదా నీకు. ఎందుకు దిగులు?" అని నా చేతిలో వేరుశనక్కాయలు పోశాడు.

పరీక్షలొచ్చాయి. ఫిజిక్సు పేపరు ఎట్లా రాశానో నాకే తెలియదు, కలం ఆగలేదు. కెమిస్ట్రీ పేపరు అంతంతమాత్రం, గట్టెక్కుతానేమో అనుకున్నాను. ఆఖరిది ల్యాబు. ఒక చిటికెడు తెల్ల ఉప్పు చేతిలో పెట్టి అదేమిటో కనిపెట్టమన్నారు. నైట్రేటు అవునో కాదో తేల్చాలంటే గాజుగొట్టంలో ఆ ఉప్పు కరిగించిన నీళ్లు పోసి, ఇనుప ద్రావణం కలిపి, ఆసిడ్డును అంచువెంబడి మెల్లగా జార్చాలి. రెండూ కలిసే చోట గోధుమరంగు వలయం పడుతుంది. పడితే నైట్రేటు. నేను జార్చాను. వలయం పడింది. సన్నగా, అందంగా పడింది. సరిగ్గా చూద్దామని గొట్టం ఎత్తి కదిపాను. వలయం మాయమైపోయింది. కదిపితే పోతుందని ఒక్కసారి చేత్తో చేసినవాళ్లకు ఎవరికైనా తెలుస్తుంది. నేను చెయ్యలేదు. చూసింది భ్రమేమో అనుకుని నైట్రేటు కాదని రాసి వచ్చాను. బయట పిల్లలు మాట్లాడుకుంటుంటే సంగతి తెలిసింది. మా నాయన వరండాలో లేచి కూర్చుని, "అయిపోయిందా? పద" అన్నాడు.

ఫలితాలు బోర్డుకు అంటించిన రోజు ఇద్దరం వెళ్లాం. నా నంబరు ఎదురుగా ఫిజిక్సుకు మంచి మార్కులు. కెమిస్ట్రీకి ఫెయిల్. నేను నిలబడ్డచోటే ఉండిపోయాను. మా నాయన పక్కనున్న పిల్లవాడితో చదివించుకున్నాడు. విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "వచ్చింది!" అన్నాడు. గట్టిగా. "ఫిజిక్సు వచ్చింది మా పాపకు!" నేరుగా స్టాఫురూముకు వెళ్లి ఫిజిక్సు సారు చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆయనా సంతోషపడ్డారు. అక్కడినుంచి గుమాస్తా దగ్గరికి వెళ్లాడు.

"సీటు యాడ రాస్తారప్పా?"

గుమాస్తా నంబరు చూశాడు. "కెమిస్ట్రీ పోయింది కదా. సీటు లేదు."

"ఒకటి వచ్చింది కదప్పా."

"రెండూ రావాల."

"అదెట్ల? ఒక పైరు ఎండితే ఇంకొక పైరును కూడా కళ్లంలోకి రానీరా మీరు? ఇదేం న్యాయం?"

"ఏం పైరు?" అన్నాడు గుమాస్తా. "మళ్లా వేసవికి రండి, కెమిస్ట్రీ ఒక్కటే రాస్తే చాలు."

"మళ్లా వేసవి అంటే ఏడాది పోతుంది కదప్పా."

"పోతుంది."

మా నాయన నావైపు తిరిగాడు. ఆ మొహంలో అప్పుడు తెలిసింది నాకు. చివరి మాట తర్వాత ఇంకో మాట ఉంటుందని ఆయన నిజంగా నమ్మాడు. "రెండూ రావాలని నాకు ముందే చెప్పకూడదా పాపా?" అన్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. కాలేజీ అని లేదు, మగపిల్లలు చూస్తున్నారని లేదు. "ఎన్నితూర్లు చెప్పాల నాయినా? మొదటి దినం చెప్పినాను. మేడం నీ ఎదురుగా కూచోబెట్టి చెప్పింది. నీ సాళ్లే నన్ను ముంచినాయి! నువ్వే ముంచినావు!" అని అరిచాను. ఆయన తువ్వాలు సర్దుకుని గేటువైపు నడిచాడు. బస్సులో ఇద్దరం వేరే వేరే సీట్లలో కూర్చున్నాం. ఆ నెలన్నరలో అట్లా కూర్చోవడం అదే మొదలు.

ఇంట్లో అమ్మ అంతా విన్నది. చేతులు కడుక్కుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఈ సీజనంతా నేను ఒక్కదాన్నే కృష్ణగిరికి పోయి వచ్చినాను. లారీలో పోయినాను, చీకటి పడినాక కూడా వచ్చినాను. నన్నేమన్నా పులి ఎత్తుకపోయిందా?"

"నీ సంగతి వేరే."

"ఏం వేరే? నేను ఆడదాన్ని కాదా? నువ్వు కాపు కాయకపోతే దానికి రెండూ వచ్చుండును. మళ్లా వేసవికి అది ఒంటిగానే పోతుంది. నువ్వు కాయ తోలు."

మా నాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

ఏడాది పోయింది. నాతో క్లాసులో కూర్చున్న రెండో అమ్మాయి బీఎస్సీ మొదటి ఏడు చదువుతుంటే నేను రాగికి కలుపు తీశాను. ఎవరూ నన్నేమీ అనలేదు, నేనూ ఎవరితో పెద్దగా మాట్లాడలేదు. హోసూరు వెళ్లడం మానేశాను. ఆ తెల్లకోటు అమ్మాయిని చూడాలనిపించలేదు.

మళ్లీ వేసవి వచ్చింది. మొదటిరోజు పొద్దున నేను లేచి తల దువ్వుకుని వచ్చేసరికి మా నాయన అరుగు మీద తయారై ఉన్నాడు. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు, చేతిలో అన్నం క్యారియరు.

"నువ్వెందుకు నాయినా?"

"బస్సులో జనం ఎక్కువుండారంట."

"ఎప్పుడు తక్కువుండిరి?" అంది అమ్మ లోపలినుంచి.

"సూళగిరిలో బస్సు మారాల కదా. అది ఆడ ఒంటిగా నిలబడాల."

"నేను నిలబడలేదా?"

"గొలుసులు తెంపేవాళ్లు తిరుగుతాండారంట."

"దాని మెళ్లో గొలుసు యాడుంది?"

ఆయన క్యారియరు పక్కన పెట్టాడు. నావైపు కాకుండా వీధివైపు చూస్తూ అన్నాడు.

"పోయిన తూరి మధ్యాహ్నం పాఠం నేను వినలేదమ్మా. కోపం పట్టుకుని పండుకుంటిని. ఆ మేడం ఏం చెప్పిందో నాకు తెలీకనే పోయె. ఆ సీటూ గీటూ నీకు. నాకు పాఠం విందామని ఉండాది, అంతే."

నలభై ఏళ్లు దాటిన మనిషి, ఊళ్లో పంచాయతీ చెప్పే మనిషి, నన్ను అడుగుతున్నాడు. సరే అనబోయాను. మరుక్షణమే పోయిన ఏడాది గుర్తొచ్చింది, కలుపు తీసిన ఆ పొద్దులన్నీ గుర్తొచ్చాయి.

"వద్దు నాయినా" అన్నాను.

"సరి సరి" అన్నాడు. ఈసారి విన్నాడు.

బస్సు వచ్చింది, ఎక్కాను. ఆ వేసవి కెమిస్ట్రీ పాసయ్యాను, జూలైలో సీటూ వచ్చింది, కొన్నేళ్లకు కోటూ వచ్చింది. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. మా నాయన మళ్లీ ఏ క్లాసులోనూ కూర్చోలేదు.